ఇగ్బోకోడా జెట్టీ నుంచి అయెటోరో దాకా, నీళ్ళ మీద తిరిగొచ్చాం

నైజీరియాలో, లాగోస్ లో ఉండే మనవాళ్ళు సెలవు దొరికితే బడాగ్రీ, లేదంటే ఒలుమో కొండ, అక్కడితో ఆగిపోతారు. మేం జనవరిలో ఒండో రాష్ట్రం దక్షిణం కొసకి వెళ్ళాం, ఇలాజె, ఎసె ఒడో అనే రెండు లోకల్ గవర్నమెంట్ ప్రాంతాలు, ఊళ్ళో సగం నేల ఉంటే సగం నీళ్ళు. ఇలాజె వాళ్ళు యొరూబా జాతి వాళ్ళు, అరోగ్బో వాళ్ళు ఇజో జాతి వాళ్ళు, మధ్యలో అపోయ్ వాళ్ళున్నారు, మూలం ఇజో అయినా ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది యొరూబానే.

లాగోస్ - బెనిన్ హైవే మీద ఓరె జంక్షన్ దాకా వెళ్ళి, అక్కడ కుడికి తిరిగితే ఒకిటిపుపా అనే ఊరు. తెల్లారే బయల్దేరండి, చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద అస్సలు ఉండొద్దు. మకాం కూడా ఒకిటిపుపాలోనే పెట్టుకోండి. మాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది కానీ కరెంటు అంతా జనరేటరే, రాత్రి పదకొండుకి ఆపేశారు, ఆ ఉక్కలో పిల్లలకి నిద్ర లేదు. గది తీసుకునే ముందే జనరేటర్ ఎన్ని గంటలు వేస్తారో అడగండి.

మర్నాడు ఇగ్బోకోడా. జెట్టీ పక్కనే మార్కెట్, పొగబెట్టిన చేపలు, ఎండు రొయ్యపొట్టు, పుపురు ముద్దలు (కర్రపెండలం నానబెట్టి పులియబెట్టి పొగలో ఆరబెడతారు), ఆ వాసనకి నాకైతే నరసాపురం చేపల మార్కెట్లో నిలబడ్డట్టే అనిపించింది. పుపురుని వేడినీళ్ళలో కలిపి చేప పులుసుతో పెట్టారు, కారం మనకి సరిపోతుంది. బోటు దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. మొదట మాట్లాడుకున్న బోటతను లైఫ్ జాకెట్లు ఉన్నాయన్నాడు, ఎక్కబోతే రెండే ఉన్నాయి, జనం పధ్నాలుగు మంది, దిగిపోయి ఇంకో బోటు చూసుకున్నాం, ఇంకో గంట పోయినా పర్లేదనిపించింది. దారంతా గుర్రపుడెక్క, ఇంజన్ ఫ్యానుకి చుట్టుకుంటే ఆపి చేత్తో లాగాల్సిందే.

అయెటోరో గురించి చెప్పకుండా ఉండలేను. 1947లో ఒక క్రైస్తవ శాఖ వాళ్ళు సముద్రం ఒడ్డున కట్టుకున్న ఊరు ఇది, ఆస్తి అందరిదీ, పనీ అందరిదే, సొంతంగా పడవలు కట్టుకున్నారు, బట్ట నేసుకున్నారు, 1950ల్లోనే సొంత కరెంటు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఊరిని సముద్రం తినేస్తోంది. ఒక పెద్దాయన నీళ్ళ వైపు చెయ్యి చూపించి, మా ఇల్లు అదిగో అక్కడ ఉండేది అన్నాడు, అక్కడ అలలు తప్ప ఏం లేవు. ఇళ్ళు, బడి, సమాధులు కూడా పోయాయి, గట్టు కడతామన్న మాట ఏళ్ళ తరబడి మాటగానే ఉంది. మా అమ్మమ్మగారిది ఉప్పాడ, అందుకే ఆయన పక్కన నిలబడి నాకు మాట రాలేదు. ఇక్కడ హోటళ్ళు ఉండవు, పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చెయ్యాలి. తాగేనీళ్ళు మోసుకెళ్ళండి, చుట్టూ నీళ్ళే అయినా అవి ఉప్పన.

మూడో రోజు ఇగ్బెకెబో మీదుగా అరోగ్బో. మడచెట్ల మధ్య కాలవలు, కర్రల మీద ఇళ్ళు, బడికెళ్ళే పిల్లలు తెడ్డు వాళ్ళే వేసుకుంటారు. రాఫియా తాటికల్లు బట్టీ పెట్టి ఒగొగొరో అనే సారా తీస్తారు, బట్టీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. ఇక్కడి రాజుని అగడగ్బా అంటారు, ఊరి పెద్దల్ని కలవకుండా ఫోటోలు తియ్యకండి. 1998-99లో ఇలాజెలకీ ఇక్కడి ఇజోలకీ ఘోరమైన గొడవలు జరిగాయి, ఊళ్ళు కాలిపోయాయి, ఆ విషయం వాళ్ళు ఎత్తితే తప్ప మీరు ఎత్తొద్దు. మా బోటులో ఇలాజె ఆవిడా ఇజో ఆవిడా పక్కపక్కనే కూర్చుని దారంతా చేపల రేట్లు మాట్లాడుకున్నారు.

ఒక్క రోజే ఉంటే అయెటోరోకే వెళ్ళండి, అరోగ్బో మళ్ళీ వెళ్ళొచ్చు. నైరాలు క్యాష్ తీసుకెళ్ళండి, వానాకాలం వద్దు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు చూసుకోండి.