ధనుష్కోటి శిథిలాలు: ఫొటోలు తీసేవాళ్లకు నా అనుభవం

రామేశ్వరం వెళ్లిన మనవాళ్లు చాలామంది ధనుష్కోటికి ఒక గంట కేటాయిస్తారు. నేరుగా రోడ్డు చివర ఉండే అరిచల్‌మునై వెళ్లి, అశోక స్తంభం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆ చివరికి వెళ్లకపోయినా పర్లేదు, దారిలో వచ్చే పాత ఊళ్లో ఒక పూటంతా ఉండండి.

1964 డిసెంబర్ 22 రాత్రి తుఫాను ఈ ఊరిని మింగేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలు అలల్లో కొట్టుకుపోయి వంద మందికి పైగా చనిపోయారు. ఇక ఇక్కడ మనుషులు ఉండకూడదని ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు మద్రాసులో బోట్ మెయిల్ రైలు ఎక్కినవాళ్లు ఇక్కడ దిగి స్టీమర్‌లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వెళ్లేవాళ్లు, అంటే పోస్టాఫీసు, కస్టమ్స్, స్కూలు అన్నీ ఉన్న సందడి ఊరు. ఇప్పుడు మిగిలింది పైకప్పు లేని చర్చి, స్టేషన్ తాలూకు గోడలు, మొండి స్తంభాలు, చుట్టూ ఇసుక.

నాకు అన్నిటికంటే నచ్చింది చర్చి. గోడల్లో పగడపు రాళ్లు వాడారు. పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ రాళ్లలోని సన్నని రంధ్రాలన్నీ తేలి కనిపిస్తాయి, పది దాటితే వెలుగు తెల్లగా మారి ఆ అందం పోతుంది. చీకట్లో వెళ్లనివ్వరు కాబట్టి చెక్‌పోస్ట్ తెరవగానే బయల్దేరండి. గాలికి ఇసుక, ఉప్పు తుంపర ఎగిరి వస్తాయి, అక్కడ లెన్స్ మార్చకపోవడమే మంచిది. సరిహద్దు ప్రాంతం కాబట్టి డ్రోన్ జోలికి పోవద్దు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి: పెళ్లి ఫొటోల కోసం ఆ గోడలెక్కి నిలబడేవాళ్లను చూసి నాకు చాలా బాధేసింది. చెయ్యి వేస్తేనే పొడి రాలుతోంది, పైగా అది అంతమంది పోయిన చోటు.

ధనుష్కోటిలో లాడ్జీలు లేవు, రామేశ్వరంలోనే ఉండాలి. గుడి దగ్గరి సత్రాలు చవక, తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, భోజనానికి ఇబ్బంది లేదు. కానీ తెల్లవారుజామున బయటికి వెళ్లడానికి గేటు తీస్తారా అని ముందే అడగండి. మేం దిగిన హోటల్లో సీ వ్యూ అని ఎక్కువ డబ్బు తీసుకున్నారు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. గదిని చూశాకే డబ్బు కట్టండి. గుడిలోకి ఫోన్లు, కెమెరాలు రానివ్వరు, వాటిని గదిలో పెట్టి వెళ్తే టెన్షన్ ఉండదు.

2017లో రోడ్డు పడ్డాక ప్రయాణం తేలికైంది, అంతకుముందు ఇసుకలో వ్యాన్లే దిక్కు. బస్సు చవక, అయితే మన కోసం ఆగదు, చర్చి దగ్గర దిగి తర్వాతి బస్సు పట్టుకోవాలి. ట్రైపాడ్, బ్యాగులు ఉంటే ఆటోనే నయం, వెయిటింగ్‌కి ఎంతో ముందే తేల్చుకోండి. మా ఆటో అతను తిరిగొచ్చాక గంటల లెక్క తీశాడు.

ఎవరూ ఉండకూడదని ప్రకటించినా శిథిలాల పక్కనే జాలర్ల గుడిసెలున్నాయి. వాళ్లను అడక్కుండా కెమెరా ఎత్తకండి. అడిగితే ఇసుకలో తవ్విన చెలమలు కూడా చూపిస్తారు, రెండు వైపులా సముద్రం ఉన్నా అందులో ఊరేది మంచినీళ్లే. అక్కడి కొట్లలో వేయించి ఇచ్చే చేప చాలా బాగుంది, రామేశ్వరం హోటళ్లలో తిన్నదానికంటే ఎన్నో రెట్లు నయం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, తుఫానులు ఎక్కువ, జనవరి తర్వాత ప్లాన్ చేసుకోండి.