చిరునామాల్లో పేట పేరు వెతకడానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్: ఒక సమీక్ష

విశాఖపట్నంలో ఇళ్లకు సరుకులు చేరవేసే వాళ్ల దగ్గర పోగయ్యే చిరునామాలకు ఒక పద్ధతంటూ ఉండదు. డోర్ నంబరు, వీధి, కొండగుర్తు, పేట, పిన్‌కోడ్ అన్నీ ఒకే గడిలో వచ్చి పడతాయి. అందులోంచి గాజువాకనో, సీతమ్మధారనో పట్టుకునే పని మా కార్యాలయంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చేస్తోంది. ఉచితంగా దొరికే ఈ డేటాబేస్ తెలుగును చక్కగా వెతుకుతుంది, అయితే దాని లెక్క ఏమిటో మనకు ముందే తెలిసి ఉండాలి.

‘పొజిషన్’ ఫంక్షన్ (డేటాబేస్‌లో ముందే ఉండే ఆదేశం) మనం అడిగిన మాట ఎన్నో క్యారెక్టర్ దగ్గర మొదలైందో చెబుతుంది, లేకపోతే సున్నా ఇస్తుంది. ‘విశాఖ గాజువాక’లో ‘గాజువాక’ను వెతికితే 7 వస్తుంది. కంటికి అది ఐదో చోటులా కనిపించినా, యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకు సంఖ్యలిచ్చే పద్ధతిలో) గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ విడి క్యారెక్టర్ కనుక ‘విశాఖ’కే ఐదు, ఖాళీతో కలిపి ఆరు అవుతాయి. ఇది పట్టించుకోకుండా, వాక్యంలోంచి కొంత ముక్కను తీసే ‘సబ్‌స్ట్రింగ్’తో కోస్తే హల్లు ఒక ముక్కలోనూ, దాని గుడి మరో ముక్కలోనూ పడతాయి.

ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది బీచ్‌రోడ్డు వంటి పేర్ల దగ్గర. కొందరు ‘చ్’ తర్వాత ఖాళీ వదులుతారు, కొందరి కీబోర్డు అక్కడ అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్‌ను పెడుతుంది. ఫంక్షన్‌కు ఇవి రెండూ వేర్వేరు మాటలే. అందుకని ఒకదాని బదులు మరొకటి పెట్టే ‘రీప్లేస్’ సాయంతో యూనికోడ్‌లో 8204 సంఖ్య గల ఆ క్యారెక్టర్‌నూ, ఖాళీలనూ చిరునామాలోంచీ, వెతికే మాటలోంచీ తీసేసి, ఆ తర్వాతే వెతకాలి.

ఒరాకిల్ అనే మరో డేటాబేస్‌లోని ‘ఇన్‌స్టర్’ మాదిరిగా ఎక్కడి నుంచి వెతకాలో, ఎన్నోసారి వచ్చినది కావాలో చెప్పే వీలు ‘పొజిషన్’కు లేదు. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 15వ వెర్షన్‌లో ‘రెజెక్స్‌పీ ఇన్‌స్టర్’ చేరి ఆ కొరత తీర్చింది. ఇంగ్లిష్ చిరునామాల్లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా అడ్డురాకూడదంటే ‘ఐలైక్’ వాడాలి. మాటకు రెండు వైపులా శాతం గుర్తు (అక్కడ ఏముున్నా సరేననే గుర్తు) పెట్టి వెతికేటప్పుడు మామూలు ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) పనికిరాదు, పట్టిక పెద్దదైతే మాటలను మూడేసి క్యారెక్టర్ల ముక్కలుగా చేసే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్‌తో జిన్ అనే రకం ఇండెక్స్ కట్టుకోవడం మేలు.

పిన్‌కోడ్‌కు మాత్రం, వెతకాల్సినదాని నమూనాను చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనే సరైన దారి. 530 తర్వాత మూడు అంకెలు అడిగి, అటూ ఇటూ పదం సరిహద్దు గుర్తు పెడితే ఫోన్ నంబరు మధ్యలోని 530ను పిన్‌కోడ్‌గా పొరబడకుండా, 530026 ఉన్న గాజువాక చిరునామాల వంటివాటిని తీసి ఇస్తుంది.