23 థింగ్స్: మా కాలేజీ లైబ్రరీలో ఏళ్ల తరబడి వాడాక

లైబ్రరీలో పనిచేసేవాళ్లకి సోషల్ మీడియా నేర్పించాలంటే ఒకరోజు వర్క్‌షాపు పెట్టి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. వారం తిరిగేసరికి ఏదీ గుర్తుండదు. అందుకే ‘23 థింగ్స్’ పద్ధతి నాకు నచ్చింది. కావలిలోని మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఏళ్లుగా ఇదే నడుపుతున్నాం.

2006లో అమెరికాలోని షార్లెట్ పబ్లిక్ లైబ్రరీలో హెలెన్ బ్లోవర్స్ దీన్ని తయారుచేశారు. మొత్తం 23 చిన్న పనులు. బ్లాగు తెరవడం, ఫొటోలు ఎక్కించడం, వికీలో రాయడం లాంటివి ఎవరికి వాళ్లు చేసి చూసుకోవాలి. పూర్తిచేసిన సిబ్బందికి అక్కడ ఎంపీత్రీ ప్లేయర్లు ఇచ్చారు. మార్చుకుని వాడుకునే వీలు ఉండటంతో చాలా దేశాల లైబ్రరీలు దీన్ని అందిపుచ్చుకున్నాయి.

అయితే పాత జాబితా ఉన్నదున్నట్టుగా ఇప్పుడు పనికిరాదు. అందులోని బ్లాగ్‌లైన్స్, డెలీషియస్ లాంటి వెబ్‌సైట్లు ఎప్పుడో పోయాయి. పైగా అంతా ఇంగ్లీషు. అందుకే పద్ధతి ఉంచుకుని పనులు మార్చాం. ఒక్కో పనీ ఎలా చేయాలో తెలుగులో నోటుబుక్కులో రాసి కౌంటర్ దగ్గర పెట్టాం.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది వాట్సాప్ బిజినెస్. లైబ్రరీ నంబరు మీద పెట్టుకుంటే ఆ యాప్‌లోని క్యాటలాగ్‌లో కొత్త పుస్తకాల అట్టలు చూపించొచ్చు. పనివేళలు దాటాక ఎవరైనా మెసేజ్ పెడితే జవాబు దానంతటదే వెళ్తుంది. గడువు దాటిన పుస్తకాల కోసం ఒక క్విక్ రిప్లై, అంటే ముందే రాసిపెట్టుకునే మెసేజ్, తయారుచేసుకున్నాం: “మీరు తీసుకున్న పుస్తకం గడువు నిన్నటితో అయిపోయింది. ఇంకా చదవాల్సి ఉంటే చెప్పండి, పొడిగిస్తాం.” ఇది ఆ విద్యార్థికి మాత్రమే వెళ్లాలి. పేర్ల జాబితా తెచ్చి గ్రూపులో పెట్టడం చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో నలుగురికీ చెప్పే హక్కు మనకి లేదు. పదిమందిలో పేరు పడ్డ పిల్ల మళ్లీ లైబ్రరీ గుమ్మం తొక్కదు. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకని కార్డు ఇచ్చేటప్పుడే, “నంబరు సేవ్ చేసుకోమ్మా” అని దగ్గరుండి చేయిస్తాం.

టైపింగ్ అంటే టెన్షన్ పడే మా అటెండర్‌కి వాయిస్ టైపింగ్ చూపించాను. ఫోను నోటి దగ్గర పెట్టుకుని “మీరు అడిగిన బుక్కు వచ్చింది, వచ్చి తీసుకోండి” అన్నారు. అక్షరాలు స్క్రీన్ మీద పడుతుంటే, “మేడమ్, నా మాటే రాస్తా ఉంది!” అని సంబరపడిపోయారు. ఇప్పుడు రిజర్వేషన్ మెసేజ్‌లన్నీ ఆయనే పంపుతారు.

పుస్తకాల జాబితా తయారుచేసుకునే లైబ్రరీథింగ్ వెబ్‌సైటు ఇంగ్లీషు పుస్తకాలకి బాగుంది, పుస్తకం మీద ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే వివరాలు వచ్చేస్తాయి. మన పాత తెలుగు పుస్తకాల మీద ఆ నంబరే ఉండదు, అన్నీ చేత్తో ఎక్కించుకోవాల్సిందే. మా దగ్గర సగంలో ఆగింది.

తెలుగు వికీపీడియా మాత్రం ప్రతి లైబ్రేరియనూ నేర్చుకోవాలి. 2003 నుంచీ ఉన్నా మన ఊళ్ల వ్యాసాలు చాలావాటికి మూలాలు లేవు. ఆ మూలాలు మన బీరువాల్లోనే ఉన్నాయి! ముందు సాధన కోసం ఉండే ‘ప్రయోగశాల’ పేజీలో చేయి తిప్పుకుని, తర్వాత అసలు వ్యాసంలో పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా చేర్చాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మేం విద్యార్థుల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేస్తాం.

మీ దగ్గర మొదలుపెడితే ఒక్క షరతు. ఈ అభ్యాసానికి డ్యూటీ టైములోనే అరగంట ఇవ్వాలి. ఇంటికెళ్లి నేర్చుకోమంటే ఎవరూ నేర్చుకోరు, ముఖ్యంగా ఇంటి పనంతా నెత్తినేసుకున్న ఆడవాళ్లకి అది కుదరని పని. ముందు ప్రిన్సిపాల్‌తో ఆ అరగంటకి ఒప్పుకోలు రాయించుకుని, అప్పుడు నోటుబుక్కు తెరవండి.