కెర్రీలో ‘ఏడాదంతా చేపల వేట’ ప్యాకేజీ: అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

ఐర్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లలో అక్టోబర్ మిడ్‌టర్మ్ సెలవులకి నైరుతి మూలనున్న కెర్రీ వైపు చేపల వేట ప్యాకేజీ చూస్తున్నవాళ్లుంటే, అడ్వాన్స్ కట్టకుండా కాసేపు ఆగండి. పోయిన అక్టోబర్‌లో మేం రెండు కుటుంబాలం పిల్లల్ని వేసుకుని వెళ్లి నిలువునా మునిగాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయను. ఇలాంటివాళ్లు రేపు ఇంకో పేరుతో వస్తారు, వాళ్లు ఎలా ముంచుతారో తెలిస్తే చాలు.

ప్రకటనలో ఏముందంటే, గల్ఫ్ స్ట్రీమ్ పుణ్యమా అని కెర్రీ తీరంలో చలికాలంలోనూ పెద్ద చలి ఉండదు, అందుకే సముద్రంలోనూ సరస్సుల్లోనూ ఏడాది పొడవునా వేట. బస, ఒకరోజు బోటు, ఒకరోజు సరస్సులో సామన్ (సాల్మన్), సీ ట్రౌట్ (సముద్రానికి పోయొచ్చే ట్రౌట్) చేపల వేట, అన్నీ కలిపి ఒకే రేటు. చలి మాట నిజమే. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల అక్కడ మంచు పడడమే అరుదు, ఇళ్ల ముందు తాటిచెట్లలాంటివి కూడా కనిపిస్తాయి. కానీ చలి లేనంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్టా? మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది కదా, ఇక్కడ నదులకూ సరస్సులకూ అలాంటి గడువులున్నాయి. సామన్ చలికాలంలో ఏటి ఎగువకు పోయి గుడ్లు పెడుతుంది. అందుకని చాలా చోట్ల దాని వేట సెప్టెంబర్ 30తోనే ముగుస్తుంది. వాటర్‌విల్ పక్కనున్న లాక్ కరేన్, సీ ట్రౌట్‌కి అంత పేరున్న సరస్సు, దానికీ అదే గడువు. అంటే మాకు అమ్మింది చట్టప్రకారం మూతపడిన వేటని.

అక్కడికి వెళ్లాక సరస్సు బదులు ఒక చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. పెంచి తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్. మా కాకినాడ బావగారు మొదటి చేప గాలానికి పడగానే తోక పట్టుకుని చూపించారు: రెక్కల అంచులు అరిగిపోయి, మొండిగా ఉన్నాయి. తొట్టెలో కిక్కిరిసి పెరిగిన చేపకి అలా అవుతుందట. పిల్లలకి సరదాగానే గడిచింది, కాదనను. కానీ ఆ చెరువు టికెట్ ధరకీ మేం కట్టినదానికీ పొంతనే లేదు.

లైసెన్స్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, అసలు మోసం అక్కడే తెలిసిపోతుంది. ఐర్లాండ్‌లో సామన్‌కీ సీ ట్రౌట్‌కీ గాలం వేయాలంటే ప్రభుత్వ లైసెన్స్ కావాలి. అది వేటగాడి పేరు మీదే వస్తుంది, దాంతో పాటు లాగ్‌బుక్, పట్టిన చేపకి కట్టే ట్యాగులు ఇస్తారు. మా పేర్లు, వివరాలు ఒక్కటీ అడగకుండానే ‘లైసెన్స్ కలిపేశాం’ అన్నారు. అదెలా కుదురుతుంది? పైగా ఆ నీళ్లు ప్రైవేటువైతే యజమాని దగ్గర పర్మిట్ వేరే తీసుకోవాలి. బ్రౌన్ ట్రౌట్‌కి, పైక్‌కి, సముద్రంలో గాలం వేయడానికి మాత్రం ఈ లైసెన్స్ అక్కర్లేదు.

ఇక బోటు. ఆ ఉదయం ఐర్లాండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ స్మాల్ క్రాఫ్ట్ వార్నింగ్ (చిన్న పడవలకి హెచ్చరిక) ఇచ్చి ఉంది. తీరానికి పది నాటికల్ మైళ్ల లోపల గాలి ఫోర్స్ 6 (బలమైన గాలి) లేదా అంతకు మించుతుందనుకుంటే అది ఇస్తారు. కంపెనీ నుంచి మాత్రం ‘వాతావరణం బాగుంది, రండి’ అని మెసేజ్. రేవులో ఉన్నది చిన్న ఓపెన్ బోటు. బోటు లైసెన్స్ కాగితం ఎక్కడా కనబడలేదు. లైఫ్ జాకెట్లన్నీ పెద్దవాళ్లవే, మా పాపకి వేస్తే మెడ మీంచి జారిపోతోంది. పదహారేళ్లలోపు పిల్లలు డెక్ మీద ఉన్నంతసేపూ జాకెట్ వేసుకోవాలని ఇక్కడ చట్టమే ఉంది. బోటు నడిపే ముసలాయన మంచివాడు, ఈ గాలికి నేను వెళ్లనని తేల్చి చెప్పేశాడు. సాయంత్రానికి కంపెనీ నుంచి ఇంకో మెసేజ్: మీరే రాలేదు కాబట్టి రీఫండ్ లేదు! ఒళ్లు మండిపోయింది. రేవులో తీసిన ఫొటోలు, ఆ పొద్దున వార్నింగ్ స్క్రీన్‌షాట్ ఉండబట్టి సరిపోయింది.

డబ్బు సంగతి. అడ్వాన్స్ కార్డు మీద కట్టాం, అది బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడం) అడిగితే తిరిగొచ్చింది. మిగతాది వాళ్లు పట్టుబట్టి బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నారు, ఇప్పుడు దానికోసమే చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్‌లో వేశాం. రెండు వేల యూరోల దాకా అక్కడ వేసుకోవచ్చు, ఫీజు 25 యూరోలు, లాయర్‌తో పని లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చన్న హక్కు తేదీ ఖరారైన ఇలాంటి బుకింగులకి వర్తించదు.

ప్రకటన ఫొటోలు కూడా బాగా చూడండి. మేం చూసినదాంట్లో మన వాలుగలాంటి మీసాల చేపని ఇద్దరు మనుషులు మోస్తూ ఉన్నారు. ఆ వెల్స్ క్యాట్‌ఫిష్ ఐర్లాండ్ నీళ్లలో లేనే లేదు, స్పెయిన్‌లో ఎబ్రో నది వైపు పడుతుంది.

కెర్రీ వెళ్లొద్దని కాదు. జులై, ఆగస్టుల్లో వెళ్లండి, మాకెరెల్ గుంపులు తీరానికి దగ్గరగా వస్తాయి. మన కానగడతలకి దగ్గరి చుట్టాలే, పులుసుకి భలే ఉంటాయి. బోటుకి ప్యాసింజర్ లైసెన్స్ ఉందో లేదో రవాణా శాఖ జాబితాలో చూసుకుని, నేరుగా స్కిప్పర్‌తోనే మాట్లాడుకోండి. గాలి వల్ల ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.

నిన్న మళ్లీ అదే ఫొటోతో కొత్త ప్రకటన కనిపించింది. ఈసారి ఫిబ్రవరి మిడ్‌టర్మ్‌కట, ‘బాస్ (ఒక సముద్రపు చేప) పట్టండి, వండుకు తినండి’ అని. గత కొన్నేళ్లుగా ఫిబ్రవరి, మార్చిల్లో గాలానికి పడిన బాస్‌ని మళ్లీ నీళ్లలో వదిలేయాల్సిందే. తర్వాతి నెలల్లో కూడా 42 సెంటీమీటర్లకు తక్కువున్నది ఉంచుకోకూడదు.