విన్యాలెస్‌లో పట్టీ లేని చుట్ట, హవానాలో పట్టీ ఉన్న సిగార్

ముందే చెప్పేస్తాను: క్యూబాలో నేను కాల్చిన మూడు సిగార్లలో ఎక్కువ డబ్బు పోసి కొన్నదీ, సగంలో పారేసినదీ ఒకటే. హవానాలో దిగిన రాత్రే ఒక హోటలు బారులో కొన్నాను. పేరు ఎందుకు లెండి. అద్దాల పెట్టెలో అందంగానే ఉంది గాని, వేళ్ళ మధ్య కొద్దిగా నొక్కితే ఎండు తాటాకులా గరగరలాడింది. సిగార్లు దాచే చోట గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. ఆ పెట్టెకు తేమ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పది నిమిషాలకే పై ఆకు చిట్లింది, పొగ నాలుకను మండించింది. దాన్ని వెలిగించి ఇవ్వడానికి మాత్రం అక్కడివాళ్ళు హోమం చేసినంత హడావిడి చేశారు.

"బావా, నోటునే నేరుగా వెలిగిస్తే పోయేది కదా" అన్నాడు మా బావమరిది. అతనికి పొగ వాసనే పడదు. టొరంటో చలి తప్పించుకుందామని ఫిబ్రవరిలో నాతో బయలుదేరాడు.

మర్నాడు పొగాకు తోటలున్న విన్యాలెస్ అనే ఊరికి ప్రయాణం. హవానా నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. బస్సులో సీట్లు ముందుగానే నిండిపోవడంతో నలుగురం కలిసి టాక్సీలో వెళ్ళాం. అది 1950ల నాటి అమెరికా కారు. ఫొటోకు బాగుంటుంది, నడుముకు కాదు.

బస మాత్రం ఈ యాత్రలో అన్నిటికంటే బాగా కుదిరింది. ఇంటివాళ్ళే గదులు అద్దెకిచ్చే ఇళ్ళను అక్కడ 'కాసా పర్తికులార్' అంటారు. తలుపు దగ్గర నీలం గుర్తు ఉంటుంది. మాకు దొరికిన గది చిన్నది, శుభ్రమైనది. వరండాలో రెండు ఊగే కుర్చీలు, ఎదురుగా ఏనుగుల గుంపు పడుకున్నట్టు సున్నపురాయి కొండలు. పొద్దున్నే జామపండు, బొప్పాయి, గుడ్లు, చిక్కటి కాఫీ. రాత్రి కరెంటు పోయింది. ఇంటావిడ చార్జింగ్ దీపం తెచ్చి పెట్టి, తనే నొచ్చుకుంటున్నట్టు నిలబడింది. కరెంటు కోత మాకు కొత్తా ఏంటి! డబ్బు మాత్రం నగదుగా తీసుకెళ్ళండి. అమెరికా బ్యాంకుల కార్డులు అక్కడ చెల్లవు.

పొగాకు తోట ఊరికి అరగంట నడక. ఆకు కోస్తున్న కాలం కాబట్టి కొట్టం నిండా కర్రల మీద ఆకులు వేలాడుతున్నాయి. మన ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లు చూసినవాళ్ళకు ఇక్కడ ఒక వెలితి కనిపిస్తుంది: నిప్పు లేదు. మన వర్జీనియా రకం ఆకును పొయ్యి వేడితో వారంలోపే ఆరబెడతారు. ఇక్కడ ఆకు గాలికే వారాల తరబడి ఆరుతుంది. లోపలికి అడుగు పెడితే ఎండుగడ్డీ తేనే కలిసినట్టు ఒక తీపి వాసన.

రైతు ఒక ఆకు అందుకుని, నడి ఈనెను ఒక్క లాగుతో దారంలా ఊడదీశాడు. నాలుగైదు ఆకులను మడతలు పెట్టి చుట్టి, పైన మెత్తటి ఆకు తొడిగి, కొసను తేనెతో అంటించాడు. రెండు మూడు నిమిషాల పని. పంటలో 90 శాతం ప్రభుత్వానికి ఇవ్వాలట, మిగిలిన పదిలోంచే ఈ చుట్టలు. అందుకే వీటికి బ్రాండు పేరున్న కాగితపు పట్టీ ఉండదు, పేరూ ఉండదు.

నికోటిన్ అంతా ఈనెలోనే ఉంటుందని, అది తీసేశాక భయం లేదని ప్రతి యాత్రికుడికీ చెప్తారు. నమ్మకండి. ఈనెలో కంటే ఆకులోనే ఎక్కువ. సగం చుట్ట అయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి. చెరకు రసం తాగాక గాని తల తిరగడం తగ్గలేదు. రుచి విషయానికొస్తే, పెదవి మీద తేనె, ఆ వెంటనే పచ్చిగడ్డి, చివర్లో గొంతు పట్టే ఘాటు. ఒక పక్కే కాలుతూ పోయింది. ఊరబెట్టడం, నిలవ చేయడం చాలని ఆకు అంతే, కొత్త బియ్యం అన్నంలా ఉంటుంది.

మా అమ్మమ్మ శ్రీకాకుళం వైపు మనిషి, అడ్డపొగ తాగేది. నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకుని పొగ తాగడం అన్నమాట. అంగిట్లో క్యాన్సర్ తెచ్చే అలవాటని డాక్టర్లు మొత్తుకునేవారు. వెలిగించని చుట్టతో అది ఎలాగో చూపిస్తే, రైతు పగలబడి నవ్వి భార్యను పిలిచి, మళ్ళీ చేయించాడు. ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది.

హవానాకు తిరిగొచ్చాక వీధుల్లో "సహకార సంఘం పండుగ, ఈ ఒక్కరోజే సగం ధర" అంటూ కొహీబా అనే పేరున్న బ్రాండు సిగార్ల పెట్టెలు చూపించేవారు తగులుతూనే ఉన్నారు. నవ్వి పక్కకు తప్పుకోవడమే మేలు. నేను హవానాలోని మిరామార్ పేటలో 5వ అవెన్యూ, 16వ వీధి కూడలిలో ఉన్న సిగార్ల దుకాణానికి వెళ్ళాను. పర్తగాస్ బ్రాండులో సెరీ డి నంబర్ 4 (పొట్టిగా డి4) అనే సిగార్ అడిగితే అమ్మే ఆయన పెట్టె అడుగున ముద్రించిన నెల, సంవత్సరం చూపించి, నన్నే నొక్కి చూడమన్నాడు. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50. ఆ 50 అంటే అంగుళంలో 64వ వంతులు యాభై, సుమారు రెండు సెంటీమీటర్లు. వేలికి మెత్తగా దిగి, మళ్ళీ పొంగింది.

కొస కోసి, వెలిగించకుండా ఒకసారి పీల్చి చూశాను. గాలి ఆడుతోంది. మంటను తాకనివ్వకుండా అంచంతా ఎర్రబరిచి, నిమిషానికి ఒక్క దమ్ము, పొగ నోటిదాకానే. మొదట మిరియం. మూడో వంతు దాటాక వేయించిన కాఫీ గింజ, తొలకరికి తడిసిన మట్టి, ఏదో పాత బీరువా తెరిచిన వాసన. చివర్లో ముదిరి చేదెక్కింది, అక్కడ ఆపేశాను. బూడిద అంగుళం దాకా రాలకుండా నిలిచింది. గంట పట్టింది. ఆ గంటలో కాఫీ తెచ్చిన అమ్మాయి తప్ప ఎవరూ కదిలించలేదు.

సిగార్‌గా చూస్తే డి4కు, రైతు చుట్టకు పోటీయే లేదు. మళ్ళీ వెళ్ళే అవకాశం వస్తే మాత్రం మూడు రాత్రులు విన్యాలెస్‌కే ఇస్తాను, హవానాకు ఒకటి చాలు.

పొలంలో కొన్న పదింటిలో తొమ్మిది మిగిలాయి. పచ్చి వాసన పోవాలంటే ఆరు నెలలు ఆగమన్నాడు రైతు. వాటిని మా ఇంట్లో తేమ పెట్టెలో ఉంచాను. ఆ పెట్టెను బాల్కనీలో పెట్టమంటాడు మా బావమరిది. టొరంటో చలికి అవి ఏమవుతాయో అతనికి ఇంకా నచ్చజెబుతూనే ఉన్నాను.