ఆరేళ్లుగా వాడుతున్న చిల్లుల గిన్నె: ట్రాన్స్‌వెల్ మీద నా అభిప్రాయం

చూడ్డానికి ఇందులో ఏమీ లేదు. వేలెడంత ప్లాస్టిక్ గిన్నె, అడుగున సన్నని చిల్లుల పొర. 24 గుంటల ప్లేటులో ఒక్కో గుంటలోకి ఒక్కోటి వేలాడుతుంది. పై గిన్నెలో తెల్ల రక్తకణాలు పోస్తాం, కింద గుంటలో వాటిని పిలిచే రసాయనం. ఇంక్యుబేటర్‌లో గంటో రెండు గంటలో ఉంచి, ఎన్ని కణాలు కిందికి దిగాయో లెక్కపెడతాం. ఏ కంపెనీ సరుకైనా ల్యాబ్‌లో ట్రాన్స్‌వెల్ అనే అంటాం, ఫోటోకాపీని జెరాక్స్ అన్నట్టు.

దీని మూలపురుషుడు స్టీఫెన్ బాయిడెన్. కుందేలు న్యూట్రోఫిల్స్ (క్రిముల మీదికి ముందుగా పరిగెత్తే తెల్ల రక్తకణాలు) దేని వైపు కదులుతాయో తేల్చడానికి రెండు అరల మధ్య వడపోత పొర పెట్టి, ఆ పద్ధతిని 1962లో ప్రచురించాడు. ఇప్పటి గిన్నెకీ దానికీ రూపంలోనే తేడా, కిటుకు మాత్రం అదే.

కొనేముందు చూడాల్సింది చిల్లు సైజు. న్యూట్రోఫిల్స్‌కి నేను 3 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వాడతాను, ఇంకో రకం తెల్ల రక్తకణాలైన టీ కణాలకి 5. అంతకన్నా ఎంతో పెద్దగా ఉండే న్యూట్రోఫిల్ ఆ సందులోంచి ఎలా దూరుతుందని కొత్తవాళ్లు అడుగుతారు. దాని కేంద్రకం తమ్మెలు తమ్మెలుగా ఉంటుంది, నలిగి సాగి దూరుతుంది. ఒంట్లో రక్తనాళం గోడ దాటేటప్పుడూ చేసేది అదే. మొదటి ఏడాది చూసుకోకుండా 8 మైక్రాన్ల ప్యాకెట్ విప్పేశాను. రసాయనం వేసిన గుంటలోనూ వేయని గుంటలోనూ కణాలు సమానంగా కనిపించాయి. రెండు వారాలు రసాయనాన్నే అనుమానించాను. తీరా చూస్తే, పిలిచినా పిలవకపోయినా పెద్ద చిల్లుల్లోంచి అవి దిగిపోతున్నాయి.

ఇంకో దెబ్బ మోతాదుతో తగిలింది. న్యూట్రోఫిల్స్‌ని పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 అనే ప్రోటీన్ ఎక్కువ వేస్తే ఎక్కువ కణాలు వస్తాయనుకున్నా. ఒక మోతాదు దాకా పెరిగి, ఆపైన తగ్గిపోయాయి. గ్రాఫు గంట ఆకారంలో వచ్చింది. రసాయనం మరీ ఎక్కువైతే కణం చుట్టూ ఉన్న, దాన్ని పట్టుకునే గ్రాహకాలన్నీ నిండిపోతాయి, ఎటు ఎక్కువో ఎటు తక్కువో దానికి తెలియదు. పాడైందనుకుని పారేయబోయిన ఆ గ్రాఫే నాకు వచ్చిన మొదటి సరైన ఫలితం.

చేతిపని సంగతులు కొన్ని. గిన్నె దించేటప్పుడు అడుగున బుడగ చిక్కితే ఆ గుంట పోయినట్టే, అందుకని ఏటవాలుగా దించాలి. ప్లేటు పెట్టిన బల్ల మీదే సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి కణాల్ని అడుగుకి చేర్చే యంత్రం) తిప్పకండి, బల్ల అదురుతుంది. న్యూట్రోఫిల్స్ పొద్దున తీసినవి సాయంత్రానికి మొద్దుబారతాయి, కాబట్టి రక్తం ఇచ్చేవాళ్లు ఎప్పుడొస్తారో చూసుకునే రోజు మొదలుపెట్టాలి. దాటిన కణాలు కొన్ని పొర అడుగునే అంటుకుని ఉంటాయి, అంటుకున్న కణాల్ని ఊడదీసే ఈడీటీఏ అనే రసాయనాన్ని చల్లగా వాడి కడిగి వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. కడిగి మళ్లీ వాడొచ్చా అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. వద్దండీ, ఖరీదు చూస్తే నాకూ ప్రాణం ఉసూరుమంటుంది కానీ వద్దు.

ఇక అసలు ఫిర్యాదు. ఈ గిన్నె చెప్పేది ఒక్క సంఖ్య, ఎన్ని దిగాయి అని. ఎందుకు దిగాయో చెప్పదు. పిలుపు విని వెళ్లడం వేరు, కంగారెత్తి దిక్కు లేకుండా తిరగడం వేరు. రెండో రకంలోనూ కొన్ని కణాలు చిల్లుల్లో పడతాయి. ఈ రెంటినీ విడదీయడానికి 1973లో శాలీ జిగ్మండ్, జేమ్స్ హిర్ష్ చెకర్‌బోర్డు పద్ధతి తెచ్చారు. రసాయనాన్ని కిందే కాకుండా పైన కూడా రకరకాల మోతాదుల్లో వేసి చూడటం. పైనా కిందా ఒకే మోతాదు ఉన్నా కణాలు జోరుగా దిగుతుంటే, అది దిక్కు చూపడం కాదు, ఊరికే కదిలేలా ఉసిగొల్పడమే. నేను ఎనిమిది నెలలు ఒక పదార్థం న్యూట్రోఫిల్స్‌ని ఆకర్షిస్తోందని నమ్మాను, సదస్సులో దాని మీద పోస్టర్ కూడా పెట్టాను. చెకర్‌బోర్డు చేసేసరికి అది ఉత్త ఉసిగొల్పుడే అని తేలింది. గిన్నె అబద్ధం చెప్పలేదు, నేనే అది చెప్పనిది విన్నాను.

కణజాలంలో జరిగేదానికీ దీనికీ చాలా దూరం ఉంది. సీసీఎల్21 లాంటి కీమోకైన్లు (కణాల్ని పిలిచే ప్రోటీన్లు) ఒంట్లో నీళ్లలో తేలుతూ ఉండవు, కణాల చుట్టూ ఉన్న హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులకి అంటుకుని దారి గుర్తుల్లా నిలబడతాయి. గిన్నెలో మాత్రం పై రసాయనం, కింది రసాయనం కొన్ని గంటల్లో కలిసిపోతాయి. పైగా ఒంట్లో ఒకేసారి రెండు మూడు పిలుపులు వినిపిస్తాయి. ఒక వైపు ఇంటర్‌ల్యూకిన్-8, ఇంకో వైపు బ్యాక్టీరియా వదిలే ఫార్మైల్ పెప్టైడ్లు అనే చిన్న ప్రోటీన్ ముక్కలు ఉంటే న్యూట్రోఫిల్ బ్యాక్టీరియా వైపే తిరుగుతుంది. గిన్నె కాకుండా, అగరోజ్ అనే పల్చటి జెల్ పొర కింద కణాల్ని పాకనిచ్చే ఇంకో పద్ధతిలో ఆ మలుపు నేను కళ్లారా చూశాను. పైకీ కిందికీ తప్ప మరో దిక్కు లేని గిన్నెలో అది కనిపించే వీలే లేదు.

అయినా మానలేదు. ఒక్క రోజులో పది మోతాదులు, పిలుపుని అడ్డుకునే నాలుగు నిరోధకాలు పక్కపక్కన పెట్టి చూడాలంటే ఇంతకన్నా సులువైనది నా చేతికి ఇంకా దొరకలేదు. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఇప్పుడు కొత్త పదార్థం వస్తే ప్లేటులో మొదట నింపేది చెకర్‌బోర్డు గుంటలే, మిగిలిన గిన్నెలు ఎన్నుంటే అన్నే అసలు ప్రయోగానికి.