పాలకొల్లు కాలవగట్టు మీద షెడ్డు: నా యమహా ఆర్‌15 బైకుకి మూడేళ్లుగా జరిగిన పని

ఈ షెడ్డుకి బోర్డు లేదు. పాలకొల్లులో కాలవగట్టు మీద, కొబ్బరికాయల లారీలు ఆగే చోటు దాటాక నీలం టార్పాలిన్ కింద రెండు ప్యాడక్ స్టాండ్లు (బండి చక్రాన్ని నేల నుంచి పైకి లేపేవి) కనబడితే అదే. మూడేళ్ల కిందట నేను దాన్ని వెతుక్కుంటూ వెళ్లలేదు. అమ్మ చీర చైన్‌లో పడ్డ రోజు దొరికింది.

ముందు నా బండి సంగతి చెప్పాలి. నేను ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్ని. రొయ్యల చెరువుల దగ్గర నీళ్ల శాంపిళ్లు పట్టి ల్యాబ్‌కి తేవడం నా పని. మొగల్తూరు, నరసాపురం, పంటు ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి, ఇలా ఒక్కోరోజు 70, 80 కిలోమీటర్లు కూడా తిరుగుతాను. అందులో సగం చెరువుగట్లే. ఈ పనికి ఈ బండేంటని అందరూ అడిగారు. యమహా మొదటి ఆర్‌15 మన దేశంలోకి వచ్చిన 2008లో నేను పదో తరగతి. 150 సీసీ బండికి లిక్విడ్ కూలింగు, ఆరు గేర్లు, డెల్టాబాక్స్ ఫ్రేము అంటే అప్పట్లో నోరెళ్లబెట్టి చూశాం. ఆ బండి మీద ప్రేమ అప్పుడు పుట్టింది, ఇంకా పోలేదు. 2022లో భీమవరంలో ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో వీ3, అంటే మూడో తరం ఆర్‌15 కొన్నాను. 2019 మోడల్, రెండు చక్రాలకీ ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది), 21 వేల కిలోమీటర్లు తిరిగిన బండి, 95 వేలకి.

ఆ కుర్రాడు దానికి చాలా చేయించాడు. కంపెనీ సైలెన్సర్ తీసి పొట్టిది, పెద్ద శబ్దం చేసేది పెట్టించాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకి ఓపెన్ ఫిల్టర్ బిగించాడు. వెనక 140 బదులు 150 టైరు. మడ్‌గార్డు కోయించి నంబర్ ప్లేటు సీటు కిందకి నెట్టాడు. చీర గార్డు తీసి పారేశాడు. చూడ్డానికి బండి బాగుంది. అవన్నీ చూసే నేను ముచ్చటపడి కొన్నాను.

ఆగస్టులో అమ్మని వెనక ఎక్కించుకుని పాలకొల్లు వస్తున్నాను. అమ్మ ఒకవైపుకి కూర్చుంది. ఈ బండికి చైన్ ఎడమవైపే, ఆడవాళ్లు కూర్చునేదీ ఎడమవైపుకే. మలుపులో నెమ్మదిగా తిరుగుతుంటే వెనకాల ఆటో అతను గట్టిగా కేకేశాడు. బండి ఆపేసరికి మూరెడు చీర వెనక స్ప్రాకెట్‌లో చుట్టుకుపోయింది. వేగం లేదు కాబట్టి అమ్మ పాదం గీసుకుపోవడంతో సరిపోయింది. అదే హైవే మీద అయ్యుంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను. ఆటో అతనే ఎదురుగా ఉన్న షెడ్డు చూపించాడు.

మేస్త్రి గారు వచ్చి బండిని స్టాండ్ మీదకి ఎత్తారు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుకుంటూ, చీర ఇంకా చిరక్కుండా తీశారు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించారు. డబ్బులు తీసుకోలేదు. నేను సైలెన్సర్ దగ్గర వచ్చే పటపట శబ్దం గురించి అడగబోతే, "ముందు చీర గార్డు ఎక్కిద్దామండి. అమ్మగారు ఎక్కే బండి కదండీ ఇది. మిగతాది తరవాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆయన ఆరోజు కోప్పడి ఉంటే మళ్లీ వెళ్లేవాణ్ని కాదేమో.

చీర గార్డు అందానికి పెట్టే వస్తువు కాదు. వెనక కూర్చునేవాళ్ల కోసం పట్టుకునే హ్యాండిల్, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. నేను రోజూ ఎన్నో ఆర్‌15లు, డ్యూక్‌లు, పల్సర్లు చూస్తుంటాను. వాటిలో చాలావాటికి ఇది ఉండదు.

తరవాతి నెల సెలవు పెట్టి బండిని రెండు రోజులు ఆయన దగ్గర వదిలాను. షెడ్డు గొప్పతనం అప్పుడు తెలిసింది. ఒక్కొక్కటీ విప్పుతూ, నాకు చూపిస్తూ, ఎందుకు మార్చాలో చెబుతూ పనిచేశారు. టైరు దగ్గర సుద్దముక్కతో నేల మీద లెక్క వేశారు. 140/70 అంటే వెడల్పు 140, దాంట్లో 70 శాతం ఎత్తు, అంటే 98 మిల్లీమీటర్లు. 150/60 అయితే 90. వెడల్పు పెరిగిందనుకుంటాం, కానీ టైరు ఎత్తు 8 తగ్గింది, చక్రం మొత్తం వ్యాసం 16 తగ్గింది. వెనక భాగం కిందకి దిగిపోయింది. కంపెనీ రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే అది నొక్కుకుపోయి గుండ్రంగా ఉబ్బుతుంది. "ఏబీఎస్ రెండు చక్రాల వేగాన్నీ పోల్చుకుంటూ పనిచేస్తుందండి. ఒక చక్రం సైజు మార్చేస్తే దాని లెక్క తప్పుతుంది" అన్నారు. నాకు తెలిసినవాళ్లలో 150 టైరు వేయించిన వాళ్లు నలుగురున్నారు. ఈ లెక్క ఏ టైర్ల షాపులోనూ ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ 140 రేడియల్ టైరు వేసిన మొదటి రోజే తేడా తెలిసింది. చించినాడ వంతెన ఎక్కే ముందు మలుపులో బండి నేను చూసిన వైపుకి దానంతటదే వాలింది. అన్నాళ్లూ హ్యాండిల్‌ని బలవంతంగా నెట్టుకుంటూ తిప్పానని అప్పుడు అర్థమైంది.

సైలెన్సర్ విషయంలో నేను కొంచెం గింజుకున్నాను. ఆ శబ్దం అంటే నాకు ఇష్టమే. ఆయన వద్దనలేదు, స్పార్క్ ప్లగ్గు తీసి చూపించారు. తెల్లగా కాలిపోయి ఉంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదన్నమాట. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఎగ్జాస్ట్ పైపు దగ్గరున్న ఓ2 (ఆక్సిజన్) సెన్సార్ చూసి ఈసీయూ, అంటే బండిలోని చిన్న కంప్యూటర్, పెట్రోలు సర్దుతుంది. అటు ఓపెన్ ఫిల్టరూ ఇటు ఖాళీ సైలెన్సరూ పెట్టేస్తే ఆ సర్దుబాటు ఒక హద్దు వరకే పనిచేస్తుంది. థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే పటపట దానివల్లే. పైగా చట్టం ఉంది. శబ్దం, పొగ నిబంధనలు మీరితే 2019 సవరణ తరవాత పదివేల వరకు జరిమానా. కంపెనీ సైలెన్సర్ విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపులో దొరికింది, ఫిల్టర్ డబ్బా కూడా అక్కడే తెప్పించారు. ఆ డబ్బా మన ప్రాంతానికి ఎంత అవసరమో సార్వా కోతలప్పుడు చూశాను. మిషన్లు తిరుగుతుంటే రోడ్డంతా గడ్డి దుమ్మే. నెల తిరక్కుండా పేపర్ ఫిల్టర్ బూడిద రంగుకి వచ్చింది. అదంతా అంతకుముందు ఇంజన్లోకి వెళ్లేది.

155 సీసీ ఇంజన్లో 7,400 ఆర్‌పీఎం దగ్గర వీవీఏ (వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) క్యామ్ మారుతుంది, ఆ పైన బండి ఇంకో గొంతుతో లాగుతుంది. పొట్టి సైలెన్సర్ ఉన్నన్నాళ్లూ ఆ మార్పు శబ్దంలో కలిసిపోయి నాకు తెలియలేదు. ఇప్పుడు 216 హైవే మీద ఖాళీ దొరికినప్పుడు చెవికీ చేతికీ స్పష్టంగా తెలుస్తుంది. ఇంత చిన్న ఇంజన్లో 19.3 హార్స్‌పవర్ ఎక్కడ దాక్కుందో అక్కడ అర్థమవుతుంది.

మోడిఫికేషన్ కంటే మెయింటెనెన్స్‌లో ఈయన చేయి ఇంకా గొప్పది. మన దగ్గర బండిని పాడుచేసేది వేగం కాదు, ఉప్పు. రొయ్యల లారీల నుంచి కారే ఐసు నీళ్లు, చెరువుల ఉప్పు నీళ్లు, సముద్రపు గాలి. కోసేసిన మడ్‌గార్డు వల్ల ఆ నీళ్లూ బురదా నేరుగా మోనోషాక్ (వెనక ఉండే ఒక్క షాక్ అబ్జార్బర్) కింద లింకేజీ మీద పడ్డాయి. విప్పితే బేరింగులు తుప్పుపట్టి సగం బిగుసుకుపోయి ఉన్నాయి. వెనక సీటు గట్టిగా కొడుతోందని నేను అనుకుంటున్నది దీనివల్లే. కొత్తవి వేసి, గ్రీజు పట్టించి, పూర్తి మడ్‌గార్డు బిగించారు. ఏడాదికి ఒకసారి అది విప్పి గ్రీజు పెట్టించుకోమన్నారు. బ్రేకు క్యాలిపర్ పిన్నులకి ఆరునెలలకి ఒకసారి. బ్రేకు ఆయిల్ టీ రంగులోకి మారింది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన గాలిలో తేమకి కొదవ లేదు, అందుకని రెండేళ్లు దాటనివ్వద్దన్నారు.

రేడియేటర్ గురించి ఒక్కటి అందరికీ చెప్పాలి. దయచేసి బోరు నీళ్లు పోయకండి. మా వైపు బోరులో నీళ్లు నోట్లో పెట్టుకోలేం, అవే నీళ్లు రేడియేటర్లో పోస్తే లోపల పొలుసు కడుతుంది. నా బండిలో కూలెంట్ తీస్తే తుప్పు నీళ్లు వచ్చాయి. రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కొత్త కూలెంట్ పోశారు. ముందు రెక్కల్లో కొబ్బరి పీచు దుమ్ము, పురుగులు నిండి ఉంటే మెత్తటి బ్రష్షుతో, పైపు నీళ్లతో నెమ్మదిగా తీశారు. వాటర్ సర్వీసింగ్ దగ్గర గన్ను పెట్టి కొడితే ఆ రెక్కలు వంగిపోతాయి. నేనూ అలానే కొట్టించేవాణ్ని. రేడియేటర్ గార్డు పెట్టించమంటే పెద్ద కన్నాల జాలీ ఎంచారు. సన్నజాలీ పెడితే పీచు అడ్డుపడి గాలి ఆడదట.

చైన్ విషయం నేనే చేసుకుంటాను. పంటు దిగి ఇంటికి రాగానే, చైన్ వేడిగా ఉన్నప్పుడు, డీజిల్ గుడ్డతో తుడిచి గేర్ ఆయిల్ పూస్తాను. ఐదు నిమిషాల పని. పెట్రోలుతో కడగొద్దని ఆయనే చెప్పారు, రబ్బరు రింగులున్న చైన్ అయితే అవి పాడవుతాయి. పంటు మీద సైడ్ స్టాండ్‌ని నమ్మకండి. ఫస్ట్ గేరులో పెట్టి, బండి మీద కూర్చునో పక్కన పట్టుకునో ఉండండి. ఈ బండికి సెంటర్ స్టాండ్ లేదు, రేకు మీద స్టాండ్ జారుతుంది.

ఆయన ఒప్పుకుని చేసిన మార్పులు రెండే. హ్యాండిల్ కింద చిన్న రైజర్లు పెట్టి కాస్త పైకి లేపారు. పూర్తిగా అటూ ఇటూ తిప్పి బ్రేకు పైపు, వైర్లు లాగుకోవడం లేదని చూశాకే బిగించారు. నా మణికట్ల నొప్పి సగం తగ్గింది. రెండోది ఫ్రేమ్ స్లైడర్లు, బండి పడితే ముందు నేలకి తగిలే దిమ్మెలు. దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద ఒకసారి బండి జారి పడింది. ఫెయిరింగ్ (బండి పక్కల ఉండే ప్లాస్టిక్ తొడుగు) పగలకుండా కాపాడినవి అవే. ఏబీఎస్ ఉంది కదా అని ధాన్యం మీద ముందు బ్రేకు పట్టకండి. చక్రం బిగుసుకోదు నిజమే, కానీ గింజల మీద బండి ఆగే దూరం పెరిగిపోతుంది.

నట్లు టార్క్ రెంచితో, అంటే ఎంత బిగువో కొలిచి బిగించే షెడ్డు నేను ఇంకోటి చూడలేదు. ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ వాషర్ కొత్తది వేస్తారు. డబ్బా మీద జాసో ఎంఏ2 అని ఉందా అని చూశాకే మూత తీస్తారు. క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉండే బండి కాబట్టి కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) చూడాలంటే రాత్రి బండి వదిలి వెళ్లమంటారు, ఇంజన్ పూర్తిగా చల్లారితేనే కొలత నిజం అని.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. రేపు అన్నది ఎల్లుండి అవుతుంది, నాకు రెండుసార్లు డ్యూటీ పోయింది. బిల్లు రాసివ్వరు, నేనే నోటుబుక్కులో రాసుకుంటున్నాను. సామాన్లు షెడ్డులో ఉండవు, ఆర్డరు పెట్టాలి. ఒకసారి షెడ్డులో పనిచేసే కుర్రాడు ఫెయిరింగ్ బిగించేటప్పుడు ఒక క్లిప్పు విరగ్గొట్టి చెప్పలేదు. ఇంటికొచ్చాక గడగడ శబ్దం వస్తే చూశాను. మేస్త్రి గారికి చెబితే అప్పటికప్పుడు కొత్తది వేయించారు, కానీ ముందే చెప్పాల్సింది.

ఖర్చు చెబుతాను. బండిని కంపెనీ స్థితికి తేవడానికి టైరు, సైలెన్సర్, బేరింగులు అన్నీ కలిపి 23 వేలు దాటింది. అది నా అరనెల జీతం కంటే ఎక్కువ. మామూలు సర్వీసింగుకి ఆయిల్, ఫిల్టర్ మనం తెచ్చుకుంటే మజూరీ 450. లింకేజీ విప్పి గ్రీజు పెట్టడానికి 800. ఇప్పుడు బండి 58 వేలు దాటింది. లీటరుకి 45కి తగ్గడం లేదు. అమ్మ మళ్లీ ఎక్కడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు ఎక్కేముందు వంగి చీర గార్డుని ఒకసారి చేత్తో తడిమి చూసుకుని ఎక్కుతుంది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే తొమ్మిదికల్లా వెళ్లండి, పదకొండు దాటితే ఆ రోజు పని అవదు. బండి కడిగి తీసుకెళ్లండి. నా బండికి ముందు ఎడమ ఫోర్క్ సీలు దగ్గర ఆయిల్ చెమర్చడం మొదలైంది, పండక్కి ముందే మార్పించాలి. సంక్రాంతి వారమంతా షెడ్డు మూసే ఉంటుంది.